ఆనవాలు అడగని యంత్రాలు

ముందుగా ఒక నేరాంగీకారం.

కొన్నేళ్ళ క్రితం, ఒక నెల ఒకటో తేదీన, ఉదయం ఆరుగంటల ఇరవై నిమిషాలకు, ఒక సహకార బ్యాంకు సర్వరులో నేనొక పంక్తి రాశాను. దాన్ని తెలుగులోకి తెస్తే "అవతల ఉన్నది ఎవరో చూడవద్దు" అని అర్థం. పక్కనే "తాత్కాలికం" అని ఒక మాట కూడా తగిలించాను. ఆ తాత్కాలికం మూడేళ్ళ నాలుగు నెలలు బతికింది. అన్నాళ్ళూ ఆ బ్యాంకు ఖాతాదారుల సొమ్ము, ఎదుట ఉన్నది ఎవరో కనుక్కోని ఒక యంత్రం చేతిమీదుగా నడిచింది. ఏ దొంగా రాలేదు. రాలేదు గనకనే ఈ టపా రాసే ధైర్యం మిగిలింది. కాని దొంగ రాకపోవడం నా ప్రజ్ఞ కాదు, వాడికి సంగతి తెలియకపోవడం మాత్రమే.

జరిగినది ఇది. చిన్న సహకార బ్యాంకులు చాలావరకు నెఫ్ట్ వంటి చెల్లింపు వ్యవస్థల్లో నేరుగా ఉండవు. ఒక పెద్ద బ్యాంకు వాటికి అండగా నిలబడి, వాటి తరఫున సందేశాలు పంపుతుంది, అందుకుంటుంది. చిన్న బ్యాంకు సర్వరూ పెద్ద బ్యాంకు సర్వరూ రోజంతా మాట్లాడుకుంటూనే ఉంటాయి. మధ్యలో మనిషి ఉండడు. ఆ రోజు ఉదయం ఆ మాటలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. రాత్రి విధుల్లో ఉన్న కుర్రవాడు నాకు ఫోను చేశాడు.

"సార్, లైను బాగానే ఉందండి. కాని ఒక్క లావాదేవీ కూడా వెళ్ళడం లేదు."

"ఎన్నింటికి ఆగింది బాబూ?"

"ఐదున్నరకండి. సెకను కూడా తేడా లేదు."

ఆ మాటతో విషయం అర్థమైపోయింది. ఈ రంగంలో ఉన్నవారికి ఉదయం ఐదున్నర ఒక దుర్ముహూర్తం. గ్రీనిచ్ కాలమానంలో అర్ధరాత్రి అయ్యేది మనకప్పుడే. ఎన్నో డిజిటల్ సర్టిఫికెట్ల ఆయువు సరిగ్గా ఆ క్షణంతో ముగుస్తుంది. పెద్ద బ్యాంకు సర్వరు చూపే సర్టిఫికెట్‌కు గడువు తీరిపోయింది. మా సాఫ్ట్‌వేరు తన ధర్మం తాను నిర్వర్తించింది. గడువు తీరిన ఆనవాలు చూపినవాడితో మాట్లాడనని మొరాయించింది.

పెద్ద బ్యాంకువారికి ఫోను చేశాను. ఆ సర్టిఫికెట్ సంగతి చూసే అధికారి బదిలీ అయి ఏడాది దాటిందట. గడువు దగ్గర పడుతోందన్న హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని ఆయన పాత మెయిలుపెట్టెలోకే చేరుతూ వచ్చాయట. కొత్తది తెప్పించడానికి రెండు రోజులు కావాలన్నారు. చివరగా ఒక ఉచిత సలహా ఇచ్చారు: "మీరు ఆ చెక్ తీసేయండి సార్. మిగతా బ్యాంకులవాళ్ళంతా అదే చేస్తున్నారు."

చిన్న బ్యాంకు మేనేజరుగారు నన్ను బతిమాలినట్టే అడిగారు. "ఒకటో తేదీ అండీ. పదింటికల్లా పింఛనుదార్లు గుమ్మంలో ఉంటారు. ముందు నడిపించండి, తరవాత సంగతి తరవాత."

నడిపించాను. ఆ సాయంత్రం మా సంస్థ నుండి నాకొక మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. రెండు రోజులకు పెద్ద బ్యాంకువారు కొత్త సర్టిఫికెట్ పెట్టారు. అంతా సవ్యంగానే నడుస్తోంది గనక నా పంక్తి ఎవరికీ గుర్తు రాలేదు, నాకు కూడా. మరేదో పనిమీద ఆ ఫైలు తెరిచిన రోజున అది నన్ను చూసి నవ్వింది.

ఆ మెచ్చుకోలు అన్యాయమని చెప్పడానికే ఈ టపా. ఆ ఉదయం ఆగిపోయిన యంత్రానిదే ఒప్పు. నడిపించిన నాది తప్పు. మన ఆర్థికరంగపు సాంకేతికులలో నూటికి తొంభైమంది నా తప్పునే సామర్థ్యంగా లెక్కవేస్తారు. నా తగవు ఆ లెక్కతోనే.

* * *

సర్టిఫికెట్‌కు ధ్రువీకరణ పత్రం అన్న మాట ఉంది. కాని ఆ మాట వినగానే తహసీల్దారు కార్యాలయం గుర్తుకొస్తుంది. యంత్రాల మధ్య నడిచే ఈ వస్తువుకు నా దృష్టిలో సరిపోయే తెలుగు మాట ఆనవాలు.

సుందరకాండ తెలియని తెలుగువాడు లేడు. అశోకవనంలో సీత ఎదుటికి ఒక వానరుడు వచ్చి రామదూతనన్నాడు. ఆమె వెంటనే నమ్మలేదు. రావణుడే మారువేషంలో వచ్చాడేమోనని అనుమానించింది. రాముడెలా ఉంటాడో చెప్పమంది. హనుమంతుడు చెప్పాడు, ఆ పైన ఉంగరం ఇచ్చాడు. కథ అక్కడితో ఆగలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు సీత చూడామణి ఇచ్చింది. ఇతడు నిజంగా నన్ను చూశాడు అని అవతల రాముడికి రుజువు కావాలి గనక. ఉంగరం ఇటు వచ్చింది, చూడామణి అటు వెళ్ళింది. ఇరుపక్షాలూ ఒకరినొకరు ఆనవాలు పట్టే ఈ పద్ధతినే నేటి సాంకేతికులు మ్యూచువల్ టీఎల్‌ఎస్ అంటున్నారు.

మనం ఇంట్లో కూర్చుని బ్యాంకు సైటు తెరిచినప్పుడు జరిగేది సగం కథే. బ్యాంకు తన ఉంగరం చూపిస్తుంది, మన బ్రౌజరు పరీక్షిస్తుంది. మనమెవరో తేల్చడానికి సంకేతపదమూ ఓటీపీ వేరే ఉన్నాయి. రెండు యంత్రాలు మాట్లాడుకునే చోట ఓటీపీ అందుకునే చెయ్యి లేదు, అనుమానించే కన్ను లేదు. అక్కడ ఆనవాలు తప్ప మరో ఆధారం లేదు.

ఆ ఆనవాలు నిర్మాణం గహనమైనదేమీ కాదు. ఎక్స్.509 అనే ప్రమాణం 1988 నుండి ఉంది. అందులో యజమాని పేరు, అతడి పబ్లిక్ కీ, చెల్లుబాటు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, వీటన్నిటి మీద జారీచేసిన సంస్థ సంతకం ఉంటాయి. పబ్లిక్ కీకి జంటగా ఉండే ప్రైవేట్ కీ యజమాని దగ్గర మాత్రమే రహస్యంగా ఉంటుంది. ఆ రహస్యం తన దగ్గరుందని, దాన్ని బయటపెట్టకుండానే, యంత్రం గణితంతో రుజువు చేస్తుంది. ఎదుటి యంత్రం చూడవలసినవి నాలుగు: సంతకం నమ్మదగిన సంస్థదేనా, పేరు నేను వెతికే పేరేనా, గడువులో ఉందా, మధ్యలో రద్దు కాలేదు కదా.

నేను ఆ ఉదయం రాసిన పంక్తి గడువు ఒక్కదాన్నే వదిలెయ్యమనలేదు. నాలుగింటినీ వదిలెయ్యమంది. చాలా సాఫ్ట్‌వేర్లలో చేతికి సులువుగా అందే మీట అదే. మాటలు అప్పటికీ గుప్తలిపిలోనే వెళ్తాయి. అందుకే చూసేవారికి అంతా భద్రంగానే కనిపిస్తుంది. తలుపులు బిగించుకుని, గొంతు తగ్గించుకుని, ఎదుట కూర్చున్నది ఎవరో చూడకుండా ఇంటి గుట్టంతా చెప్పుకోవడం లాంటిది ఇది.

ఇది నా ఒక్కడి పాపమే అయితే టపా దాకా రానక్కరలేదు. 2012లో టెక్సస్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు, బ్రౌజర్లు కాని సాఫ్ట్‌వేర్లు ఈ ఆనవాళ్ళను ఎలా పరీక్షిస్తున్నాయో చూసి ఒక పత్రం ప్రకటించారు. దాని పేరులోనే ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన కోడ్ అని పెట్టారు. చెల్లింపుల కోసం అమెజాన్, పేపాల్ వ్యాపారులకిచ్చిన సాఫ్ట్‌వేరు భాగాలలో కూడా ఈ పరీక్ష సరిగా జరగడం లేదని తేల్చారు. అందులో ఒక పొరపాటు మన ప్రోగ్రామర్లు పదేపదే తలచుకోవలసినది. కర్ల్ అనే గ్రంథాలయంలో పేరు సరిచూడమని చెప్పడానికి 2 అనే అంకె ఇవ్వాలి. చాలామంది అవును అనే అర్థంలో ట్రూ అని రాశారు. అది 1గా మారింది. 1 అంటే పేరు ఉంటే చాలు, ఎవరి పేరైనా పరవాలేదు అని. అవునంటూనే కాదని చెప్పిన అంకె అది. తరవాత కర్ల్‌లో ఆ లోటు సరిదిద్దారు. కాని వాళ్ళది తెలియక చేసిన తప్పు. నాది తెలిసి చేసిన తప్పు.

* * *

తెలిసి చేసేవారికి సాకులు తప్పనిసరి. ఇన్నేళ్ళలో నేను విన్నవి, ఒకప్పుడు నేను స్వయంగా చెప్పినవి నాలుగున్నాయి.

మొదటి సాకు: "ఇది మన లోపలి లైనే కదా." అద్దెకు తీసుకున్న ప్రత్యేక లైనులో పరాయివాడు ఎలా దూరుతాడు, ఈ ఉంగరాల తతంగం ఎందుకు అని. 2013 అక్టోబరులో స్నోడెన్ పత్రాల ద్వారా బయటపడిన సంగతి దీనికి జవాబు. గూగుల్, యాహూ తమ డేటా కేంద్రాల మధ్య నడుపుకుంటున్న సొంత లైన్లనే అమెరికా, బ్రిటన్ గూఢచార సంస్థలు తోడుకున్నాయి. ఆ లైన్లు సొంతం కదా అన్న ధీమా అక్కడ దెబ్బతింది. గూగుల్ తన కేంద్రాల మధ్య రాకపోకలను గుప్తలిపిలోకి మార్చే పనిని వేగిరపరిచింది. అంతటివాళ్ళ లోపలి లైనే లోపలిది కానప్పుడు, నాలుగు చేతులు మారి మన మండల శాఖ దాకా వచ్చే లైను ఏపాటిది?

రెండవ సాకు: "గడువు పదేళ్ళు పెట్టేస్తే ఈ గొడవే ఉండదు." ఇది వినడానికి లోకజ్ఞానంలా ఉంటుంది. కాని పదేళ్ళ గడువంటే పదేళ్ళ మరుపు. దాన్ని పెట్టినవాడు ఉద్యోగం మారతాడు, కాగితాలు పోతాయి, ఆ యంత్రం ఏ మూలన ఉందో కూడా తెలియని స్థితి వస్తుంది. మనుషులే కాదు, గణితం కూడా ముసలిదవుతుంది. ఒకనాడు అందరూ వాడిన ఎస్‌హెచ్‌ఏ-1 పద్ధతి బలహీనపడుతోందని ముందే తెలిసి, 2016 జనవరి నుండి ఆ పద్ధతిలో బహిరంగ సర్టిఫికెట్లు జారీచెయ్యకూడదని నియమం పెట్టుకున్నారు. 2017 ఫిబ్రవరిలో దాన్ని నిజంగానే భేదించి చూపించారు. ఆ మధ్యకాలంలో, అంటే 2016 ఫిబ్రవరిలో, వరల్డ్‌పే అనే చెల్లింపుల సంస్థకు మినహాయింపు కావలసివచ్చింది. ప్రపంచవ్యాప్తంగా ఆ సంస్థవి పదివేలకు పైగా కార్డు యంత్రాలు కొత్త పద్ధతి నేర్వలేని స్థితిలో ఉన్నాయి. సిమాంటెక్ ద్వారా కొన్ని పాతరకం సర్టిఫికెట్లు ఇప్పించమని మోజిల్లాను అర్థించారు. మోజిల్లా షరతులతో ఒప్పుకుంది. దుకాణాల్లోని కార్డుయంత్రాల బతుకు, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసేవారి దయ మీద ఆధారపడవలసి రావడం ఎంత విచిత్రం!

ఆ విచిత్రమే మూడవ సాకుకు దారి చూపుతుంది: "అందరూ నమ్మే సంస్థ దగ్గర కొన్నాం కదా, ఇంకేం కావాలి?" అందరూ నమ్మడమంటే ఏమిటో ఆలోచించండి. బ్రౌజర్లూ ఆపరేటింగ్ సిస్టములూ తయారుచేసే నాలుగైదు కంపెనీలు ఒక్కొక్కటీ ఒక జాబితా పెట్టుకుంటాయి. అందులో ఉన్నవారే నమ్మదగినవారు. ఆ జాబితా మీ కోసం నా కోసం, అంటే తెర ముందు కూర్చున్న మనిషి కోసం తయారైంది. రెండు బ్యాంకుల మాటామంతీ కోసం కాదు.

మన దేశపు ఉదంతమే ఒకటుంది. 2014 జులైలో ఎన్‌ఐసీ కింద నడిచే జారీ వ్యవస్థ నుండి గూగుల్ డొమైన్ల పేరిట అనధికారిక సర్టిఫికెట్లు వెలువడ్డాయని గూగుల్ కనిపెట్టింది. భారత ప్రభుత్వపు కంట్రోలరు వాటిని రద్దుచేయించారు. క్రోమ్ మాత్రం అంతటితో ఊరుకోలేదు. భారత ప్రభుత్వపు మూలసర్టిఫికెట్ మీద తనకున్న నమ్మకాన్ని ఏడంటే ఏడు డొమైన్లకు కుదించివేసింది. ఆ ఏడింటిలో రిజర్వు బ్యాంకుది ఒకటి. క్రోమ్‌ను నేను తప్పుపట్టను. తన వాడుకరులను తాను కాపాడుకుంది. కాని అరువు తెచ్చుకున్న నమ్మకం అప్పిచ్చినవాడు అడిగిన పూట తిరిగి ఇచ్చెయ్యవలసినదే.

ఇప్పుడా అప్పు గట్టిగానే వసూలవుతోంది. బహిరంగ సర్టిఫికెట్లు సర్వరును గుర్తించడానికే పరిమితం కావాలని, అడిగే పక్షాన్ని గుర్తించే పనికి వాటిని వాడకూడదని క్రోమ్ విధానం మార్చుకుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆ రెండవరకం జారీని 2026లో ముగిస్తామని 2025లోనే ప్రకటించింది. చూడామణిగా కూడా పనికొస్తుందని ఒకే ఉంగరం కొనుక్కున్నవారు ఇక వేరే దారి చూసుకోవాలి. పైగా 2025 ఏప్రిల్‌లో బ్రౌజర్లూ జారీసంస్థలూ కలిసి ఉండే వేదిక గడువుల తగ్గింపుకు ఆమోదం తెలిపింది. 398 రోజులుగా ఉన్న గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుండి 200 రోజులు, 2027 మార్చి 15 నుండి 100, 2029 మార్చి 15 నుండి 47 రోజులు.

దీని మీద మన సాంకేతిక మిత్రుల ఆక్రోశం వింటున్నాను. బ్రౌజర్ల దౌర్జన్యమట. నేనలా అనుకోను. ఏడాదికొకసారి చేసే పనిని చేత్తో చెయ్యవచ్చు, మరచిపోవచ్చు కూడా. నలభై ఏడు రోజులకొకసారి చేసే పనిని యంత్రానికి అప్పగించక తప్పదు, అప్పగిస్తే అది మరచిపోదు. నలభై ఏడు రోజులకు భయపడుతున్నవాడు నిజానికి భయపడుతున్నది గడువుకు కాదు, తన దగ్గర ఎన్ని సర్టిఫికెట్లున్నాయో తనకు తెలియదన్న నిజానికి. ఇక యంత్రాల మధ్య సంభాషణకు ఈ బహిరంగ సంతలో కొనడమెందుకన్నది అసలు ప్రశ్న. బ్యాంకుల మధ్య నమ్మకం బ్యాంకులే కట్టుకోవాలి.

అది అసాధ్యమేమీ కాదు. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ మీదుగా వెళ్ళేవారు ఐడీఆర్‌బీటీ భవనాన్ని చూసే ఉంటారు. రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన సంస్థ అది. బ్యాంకుల మధ్య సందేశాల కోసం 2001లో ఎస్‌ఎఫ్‌ఎంఎస్ అనే వ్యవస్థను తెచ్చింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కింద బ్యాంకులకు సర్టిఫికెట్లు జారీచేసే సంస్థగానూ లైసెన్సు పొందింది. బ్యాంకుల కోసం బ్యాంకుల మధ్యే ఒక నమ్మకపు వృక్షం ఉండాలన్న ఆలోచన మన ఊళ్ళోనే అంతకాలం క్రితమే రూపుదిద్దుకుంది. ఐరోపావారు మరో మెట్టు ఎక్కారు. 2019 సెప్టెంబరు 14 నుండి అమలైన నియమాల ప్రకారం, ఖాతాదారుడి అనుమతితో బ్యాంకు తలుపు తట్టే బయటి సంస్థ ప్రత్యేక సర్టిఫికెట్ చూపాలి. అందులో పేరుతోపాటు నియంత్రణ సంస్థ ఇచ్చిన అనుమతి సంఖ్య ఉంటుంది, ఖాతా వివరాలు చూడడానికి వచ్చాడా, చెల్లింపు మొదలుపెట్టడానికి వచ్చాడా అన్న పాత్ర కూడా ఉంటుంది. అమెరికాలో ఎక్స్9 అనే ఆర్థిక ప్రమాణాల సంస్థ ఈ రంగానికే ప్రత్యేకమైన వ్యవస్థను చేపట్టింది. అందరూ ఒకే దిక్కుకు నడుస్తున్నారు. మనం తొందరగా బయలుదేరి మధ్యలో కునుకు తీశాం.

నాలుగవ సాకు మొదటి మూడింటికీ విరుద్ధమైనది, అంతే ప్రమాదకరమైనది: "సర్టిఫికెట్ సరిగ్గా ఉంది గనక సందేశమూ సరైనదే." దీనికి ముద్రారాక్షసం చదివినవాడికి వేరే జవాబు అక్కరలేదు. రాక్షసమంత్రి ఉంగరం చాణక్యుడి చారుడికి దొరుకుతుంది. చాణక్యుడు తానే ఒక లేఖ సృష్టించి దానికి ఆ ముద్ర వేయిస్తాడు. ముద్ర అసలైనదే. లేఖే నకిలీ. మలయకేతువు ముద్రను చూసి లేఖను నమ్మి రాక్షసుణ్ణి పోగొట్టుకుంటాడు.

2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకులో జరిగినది ఈ నాటకమే. దొంగలు ఆ బ్యాంకు స్విఫ్ట్ యంత్రాలలోకి చొరబడి, అక్కడి ఉద్యోగుల అధికారాలతోనే, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వుకు 35 చెల్లింపు ఆదేశాలు పంపారు. మొత్తం సుమారు 95 కోట్ల డాలర్లు. స్విఫ్ట్ ఆనవాలు పరీక్షలన్నిటిలోనూ ఆ సందేశాలు నెగ్గాయి. 8 కోట్ల 10 లక్షల డాలర్లు మనీలా చేరి మాయమయ్యాయి. శ్రీలంకకు బయలుదేరిన మరో 2 కోట్లు దారిలో ఆగాయి. ఆపింది గుప్తలిపి కాదు. ఫౌండేషన్ అనే మాటను దొంగలు తప్పుగా రాశారు, మధ్యవర్తి బ్యాంకులో ఎవరికో అనుమానం వచ్చింది. అక్షరదోషాల మీద ఇక్కడ మనం టపాలకు టపాలు రాసి వాదించుకుంటాం గాని, ఒక అక్షరదోషం రెండు కోట్ల డాలర్లు కాపాడిన సంగతి మన వాదానికి ఎంత బలం!

కనుక ఆనవాలు ఒకే ఒక ప్రశ్నకు సమాధానం చెబుతుంది: ఎవరు నువ్వు? ఏం కావాలని వచ్చావు, నీ మాట నిజమా అన్నవి వేరే ప్రశ్నలు. వాటిని వేరుగా అడగాలి. యూపీఐలో లైను మీద ఆనవాలు చూడడంతోపాటు ప్రతి సందేశం మీదా విడిగా డిజిటల్ సంతకం ఉండేది ఇందుకే. లైను తెగిపోయాక కూడా సంతకం మిగిలి ఉంటుంది, రేపు తగవు వస్తే సాక్ష్యం చెబుతుంది. అయినా సంతకం పెట్టిన చెయ్యి ఎవరి బలవంతంలో ఉందో అది చెప్పలేదు. ఒక ప్రశ్నకు మాత్రమే సమాధానమని ఆ ప్రశ్నే మానెయ్యడం ఒక మూర్ఖత్వం. దానితోనే అన్ని ప్రశ్నలూ తీరాయనుకోవడం మరొకటి.

* * *

ఇక నా అసలు వాదానికి వస్తాను. గడువు తీరిన ఉంగరం కన్నా, గడువు తీరినా ఆగని వ్యవస్థ ప్రమాదం.

అమెరికాలో ఈక్విఫాక్స్ అని ఒక సంస్థ ఉంది. ఎవరు అప్పు తీర్చగలరో ఎవరు తీర్చలేరో లెక్కలు పెట్టే సంస్థ. 2017 మార్చిలో ఒక సాఫ్ట్‌వేరు లోపానికి మరమ్మతు వెలువడినా ఆ సంస్థ దాన్ని ఒక సర్వరులో వెయ్యలేదు. మే నెలలో దొంగలు ఆ దారిన వచ్చారు. 76 రోజులపాటు లోపలే ఉన్నారు. 14 కోట్లకు పైగా అమెరికన్ల వివరాలు పోయాయి. అన్నాళ్ళూ ఎందుకు కనబడలేదు? గుప్తలిపిలో వెళ్ళే రాకపోకలను విప్పి పరీక్షించే కాపలా పరికరం ఒకటి ఆ దారిలోనే ఉంది. దాని సర్టిఫికెట్‌కు గడువు తీరి 19 నెలలైంది. అమెరికా ప్రతినిధుల సభ కమిటీ 2018 డిసెంబరులో ఇచ్చిన నివేదికలోని సంగతి ఇది. జులై 29న కొత్త సర్టిఫికెట్ వేసిన వెంటనే, అనుమానాస్పదమైన రాకపోకలు కళ్ళకు కట్టాయి.

ఇందులో నన్ను భయపెట్టేది 19 నెలల మరుపు కాదు. ఆ 19 నెలలూ ఎవరి పనీ ఆగకపోవడం. కాపలావాడు నిద్రపోతే కోట తలుపు మూసుకుపోవాలి. అక్కడ తలుపు బార్లా తెరుచుకుని ఉండిపోయింది. ఆ దారి మూసుకుపోయి ఉంటే మరునాడే నూరుమంది అరిచేవారు, మరునాడే కొత్త సర్టిఫికెట్ వచ్చేది, మే నెలలో దొంగ వచ్చేసరికి కాపలావాడు మేలుకుని ఉండేవాడు. మా సహకార బ్యాంకు యంత్రం ఆ ఉదయం ఆగిపోయి అరిచింది. నేను దాని నోరు నొక్కాను. ఈక్విఫాక్స్ పరికరానికి పుట్టుకతోనే నోరు లేకుండా అమర్చారు. మా ఇద్దరికీ తేడా అదృష్టమే.

"అయితే పింఛనుదార్లను ఎండలో నిలబెట్టమంటారా?" అని మీరడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. మేనేజరుగారి ముఖం నాకిప్పటికీ గుర్తుంది, ఆయన కంగారు బూటకం కాదు. కాని ఆ రోజు ప్రశ్న నడిపించడమా ఆపడమా అన్నది కాదు. ఎవరికీ తీరిక లేక అలా కనిపించింది. పెద్ద బ్యాంకు సర్టిఫికెట్‌కు తీరినది గడువు ఒక్కటే, దాని కీ మారలేదు. పెద్ద బ్యాంకు అధికారితో ఫోనులో ఆ సర్టిఫికెట్ వేలిముద్ర అంకెలు చదివించి, సరిపోల్చుకుని, ఆ ఒక్కదాన్నే, రెండే రెండు రోజులకు ఒప్పుకోమని మా యంత్రానికి చెప్పవచ్చు. మూడవ రోజున అదే మళ్ళీ మొరాయించేది. దానికి మరో గంట పట్టేది. ఏడున్నరకు నడిచేది. పదింటికి రావలసిన పింఛనుదారు ఎండలో నిలబడేవాడు కాడు. ఆ గంట నేను ఇవ్వలేదు. ఎందుకంటే మన కొలమానంలో ఎన్ని నిమిషాలు ఆగిందన్న లెక్క ఉంది, ఎన్ని నెలలు కళ్ళు మూసుకుని నడిచిందన్న లెక్క లేదు. మొదటిది నివేదికలో ఎర్రరంగులో కనబడుతుంది. రెండవది ఏ నివేదికలోనూ కనబడదు.

ఇంత చెప్పాక చెయ్యవలసినదేమిటో చెప్పకపోతే ఇది వట్టి ఏడుపవుతుంది. ప్రతి సర్టిఫికెట్‌కూ ఒక మనిషి పేరు ఉండాలి, శాఖ పేరు కాదు, మనిషి పేరు. ఆ మనిషి బదిలీ అయినప్పుడు బీరువా తాళాలు అప్పగించినట్టే వీటినీ సంతకం పెట్టించుకుని అప్పగించాలి. హెచ్చరికలు ఒకరి మెయిలుపెట్టెకు కాక నలుగురు చూసే చోటికి రావాలి. పునరుద్ధరణ యంత్రం చెయ్యాలి, చేసిందో లేదో మనిషి చూడాలి. పరీక్షా వ్యవస్థలో ఏడాదికి రెండుసార్లయినా కావాలని గడువు తీరనిచ్చి, ఎవరెవరు ఎలా ప్రవర్తిస్తారో చూడాలి. ఆనవాలు చూడవద్దు అనే పంక్తి అసలు వ్యవస్థలోకి చేరకుండా, చేరితే అది మొదలే కాకుండా అడ్డుకట్ట వెయ్యాలి. తాత్కాలికం అన్న ప్రతి మాట పక్కనా ఒక తేదీ ఉండాలి, ఆ తేదీ దాటితే అది తనంతట తానే రద్దు కావాలి. సర్టిఫికెట్‌కు గడువున్నప్పుడు దాన్ని తప్పించుకునే దారికి గడువుండదా?

ఇవేవీ కొత్తవి కావు, కోట్లు పోసి కొనవలసినవీ కావు. కావలసిందల్లా, పొద్దున్నే ఆరింటికి ఫోనులో నలుగురు తొందరపెడుతుంటే, "ఒక గంట ఆగండి, ఎదుట ఉన్నది ఎవరో చూసి నడిపిస్తాను" అనగల ఉద్యోగికి మెచ్చుకోలు ఉత్తరం వచ్చే సంస్థ.

నా పంక్తిని నేనే తీసేశాను. తీసేసిన రోజున మేనేజరుగారికి ఫోను చేసి జరిగినదంతా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదండీ" అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారని తెలుసు. కాని ఆ మాటే మన రంగానికి పట్టిన అసలు రోగం.

మీలో బ్యాంకు సాఫ్ట్‌వేర్లతో బతికేవారు చాలామందే ఉన్నారు. రేపు ఆఫీసుకు వెళ్ళాక తాత్కాలికం అన్న మాట మీ ఫైళ్ళలో ఒకసారి వెతికి చూడండి. ఏం దొరికిందో ఇక్కడ చెప్పనక్కరలేదు. తీసెయ్యండి, చాలు.